నలుగురిలో అన్న మాట

కేవ్‌డా బే,
జులై 6.

అక్కకు,

ఉత్తరం ఉభయకుశలోపరితో మొదలుపెట్టాలని చిన్నప్పుడు నువ్వే నేర్పావు. ఇక్కడ కుశలం లేదు కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను. మొన్న ఫోనులో కాస్త గొంతు పెంచానని, "ఇక నీతో ఫోనులో మాట్లాడను గోపీ, చెప్పాల్సింది కాగితం మీద రాయి, రాసేటప్పుడైనా చెయ్యి ఆగుతుంది" అని టక్కున పెట్టేశావు. ఈ దీవి జెట్టీలో టికెట్ కౌంటర్ చూసే మనిషిని, బళ్ళో పిల్లాడిలా కూర్చుని రాస్తున్నాను. తృప్తేనా?

జరిగింది ఇది. పోయిన నెల పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే షిప్పుకి జనం విరగబడ్డారు. వానాకాలం కదా, రేపటి షిప్పు వస్తుందో రాదో తెలియదు, అందుకని వచ్చినదానికే అందరూ ఎగబడతారు. ఒక పెద్దావిడ లైను దాటి నేరుగా నా కిటికీ దగ్గరకు వచ్చింది. పేరు గవరమ్మ అని తర్వాత తెలిసింది. వెనక్కి పొమ్మన్నాను. వెళ్ళి లైను చివర నిలబడింది. ఆమె వంతు రాకముందే టికెట్లు అయిపోయాయి. నేను చేసింది అంతే.

ఆమె కూతురు కళ్యాణి ఎనిమిదో నెల గర్భిణి అట. బీపీ పెరిగి కాళ్ళూ ముఖమూ వాచిపోతే ఇక్కడి డాక్టరు వెంటనే పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్ళమని చీటీ రాసిచ్చాడట. ఆ పిల్ల బయట సామాను మీద కూర్చుని ఉందట. డాక్టరు పంపిన రోగులకి లైనుతో పని లేకుండా ముందు టికెట్ ఇస్తాం. అది రూలు. "నా కూతురికి బాగోలేదు" అని ఆవిడ ఒక్క మాట అని ఉంటే ఆ క్షణంలో ఇచ్చేవాణ్ణి. అనలేదు! తర్వాతి షిప్పు తుఫాను గాలికి రాలేదు. పిల్లకి ఫిట్స్ వచ్చాయి. చివరికి హెలికాప్టర్‌లో తీసుకెళ్ళారు. ఇప్పుడు తల్లీ కూతురూ మీ పోర్ట్ బ్లెయిర్‌లోనే పెద్దాస్పత్రిలో ఉన్నారు.

ఎవడో నేను అరుస్తుండగా ఫోనులో వీడియో తీసి ఊరంతా పంచాడు. నా మీద ఎంక్వైరీ వేశారు. ఆగస్టు నెలాఖరుకి ఇద్దరి వాంగ్మూలాలూ తీసుకుంటారు. "చెప్పాను, అతను వినలేదు" అని ఆవిడ అంటే నా ఉద్యోగం పోయినట్టే, క్వార్టర్ కూడా పోతుంది. "నేను చెప్పలేదు" అంటే బయటపడతాను. నిజం కూడా అదే కదా. అబద్ధం చెప్పించమని నిన్ను అడగడం లేదు.

నీది తేనె లాంటి నోరు. ఒకసారి ఆస్పత్రికి వెళ్ళి నాలుగు మంచి మాటలు చెప్పి, ఆవిడ చేత ఆ నిజం చెప్పించు. ఈ ఉత్తరం షిప్పులో డెక్కు పని చేసే రామ్‌ప్రసాద్ భయ్యా తెచ్చిస్తాడు. జవాబు కూడా అతని చేతికే ఇయ్యి.

నీ నిప్పుల నోటి తమ్ముడు,
గోపినాథ్


ప్రోతరాపూర్,
జులై 13.

గోపీకి అక్క ఆశీస్సులు.

ఆ వీడియో నీకంటే ముందు నేనే చూశానేమో. బస్సు కోసం నిలబడితే పక్కనున్నావిడ తన ఫోను నా ముఖం దగ్గర పెట్టి, "చూడండి టీచరమ్మా, ముసలావిణ్ణి ఎలా కసురుకుంటున్నాడో!" అంది. "అయ్యో" అన్నాను. నా తమ్ముడని చెప్పలేదు. రిటైరైన పంతులమ్మకి ఈ వయసులో ఇదొక్కటే తక్కువ.

మన ఇంట్లో ఎప్పుడూ ఇదే వరస. నాన్న గొంతు నీకొచ్చింది, అమ్మ గొంతు నాకొచ్చింది. నువ్వు పగలగొడతావు, నేను వెళ్ళి అతుకుతాను. నీ పెళ్ళినాడు వంటవాళ్ళని నువ్వు తిడితే వాళ్ళని బతిమాలి పొయ్యి వెలిగించింది ఎవరు? నీ మామగారు ఏడాదిపాటు మీ గడప తొక్కకపోతే వెళ్ళి తీసుకొచ్చింది ఎవరు? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని పెద్దలన్నారు. నీ విషయంలో నోరు నువ్వు జారతావు, తీసుకోవడానికి నేను పరిగెడతాను.

వెళ్తాను. నీ కోసం కాదు, ఆ పిల్ల ఎలా ఉందో చూడాలని ఉంది. అయితే ముందు నాకొకటి చెప్పు. వీడియో నీ అరుపు మధ్యలో మొదలవుతోంది. అంతకుముందు ఆవిడ నీతో ఏదో అని ఉండాలి. ఉత్త పుణ్యానికి కిటికీ దగ్గరకు వచ్చి మూగగా నిలబడదు కదా. ఏమంది? నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. నీ కాపీ పుస్తకాలు దిద్దినదాన్ని నేను, నువ్వు ఎక్కడ గీత దాటేస్తావో నాకు తెలుసు.

శాంతక్క


కేవ్‌డా బే,
జులై 20.

అక్కా,

అడిగావు కాబట్టి రాస్తున్నాను. రాసేటప్పుడు చెయ్యి ఆగుతుందన్నావు, నిజమే, ఈ ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు చింపాను.

ఆవిడ తెలుగులో మాట్లాడింది. కిటికీ ఊచలు పట్టుకుని నవ్వుతూ, "బాబూ, మనోలమే" అంది.

ఈ కౌంటర్ సంగతి నీకు తెలియదు. లైనులో బెంగాలీలు, రాంచీవాళ్ళు, తమిళులు, నికోబారీలు అందరూ ఉంటారు. అందరితోనూ హిందీలో మాట్లాడతాం. మేలో ఒకాయన పై ఆఫీసుకి కాగితం పెట్టాడు, గోపినాథ్ తెలుగువాళ్ళకి ముందు టికెట్లు ఇస్తాడని. శుద్ధ అబద్ధం. అప్పటినుంచి కౌంటర్ దగ్గర ఎవరైనా తెలుగులో నోరు విప్పితే నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆ రోజు ఆ కాగితం పెట్టినాయన కూడా లైనులోనే ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు ఈవిడ వచ్చి మనోలమే అంటే ఏం చేయను?

గట్టిగా అన్నాను. అందరికీ వినపడాలనే అన్నాను. "మనోళ్ళేంటి మనోళ్ళు? నీకు నేను అల్లుడినా? ఈ వయసులో సిగ్గుండక్కర్లే? పీఛే జావ్!" అని. లైనులో కొందరు నవ్వారు. ఆవిడ ఊచల మీంచి చెయ్యి తీసేసి వెళ్ళిపోయింది.

వేరే భాషావిడైతే ఇంత అనేవాణ్ణి కాదు. "మాఁజీ, లైన్ మే ఆయియే" అని మర్యాదగా చెప్పి ఊరుకునేవాణ్ణి. మనవాళ్ళు కాబట్టే ఎక్కువ అన్నాను. పక్షపాతం లేదని చూపించాలి కదా! ఇది తప్పంటే ఇంక నేనేం చెప్పను. రూలు ప్రకారం నా వైపు పొరపాటు లేదు. నువ్వు వెళ్ళావా లేదా, అది రాయి ముందు.

గోపి


ప్రోతరాపూర్,
ఆగస్టు 1.

గోపీ,

వెళ్ళాను. ఒకసారి కాదు, రోజూ వెళ్తున్నాను.

కళ్యాణికి ఆపరేషన్ చేసి బిడ్డని తీశారు. ఆడపిల్ల. మన అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది, ఇంకా అద్దాల పెట్టెలోనే ఉంచారు. కళ్యాణికి స్పృహ వచ్చింది గానీ చూపు రాలేదు. వెలుగు తెలుస్తోందట, మనుషులు ముద్దగా కనిపిస్తున్నారట. ఆ ఫిట్స్ వల్ల ఇలా అవుతుంది, మెల్లగా రావచ్చు అని డాక్టరమ్మ అంటోంది. రావచ్చు అంటోంది, వస్తుంది అనడం లేదు. బిడ్డని దూరం నుంచి చూపిస్తే ఆ పిల్ల తల్లి చెయ్యి పట్టుకుని, "అమ్మా, ముక్కు ఎలగుంది? నల్లదా, తెల్లదా?" అని అడుగుతోంది. గవరమ్మ పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుని, "నీలాగే ఉన్నాదే గుంట" అంటుంది. నేను అక్కడ నిలబడలేక వరండాలోకి వచ్చేశాను.

రాగి జావ కాచి తీసుకెళ్తున్నాను. నా చెల్లెలి కోడలు ఇదే వార్డులో ఉండేది, మీరు తెలుగువాళ్ళని తెలిసి పలకరించాను అని చెప్పాను. నాకు చెల్లెలే లేదని నీకు తెలుసు. గవరమ్మకి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. నన్ను చూస్తే ముఖం వెలిగిపోతోంది. "అక్కా, నీ మాట ఇంటే ఆకలేస్తాది" అంటుంది. నీ పేరు ఎత్తలేదు ఆవిడ. "అక్కడొకాయన" అని మాత్రం అంటుంది.

నేనెవరో రేపు చెబుతాను. రేపు రేపు అంటూ వారం గడిచింది, ఈసారి తప్పకుండా చెబుతాను.

శాంతక్క


కేవ్‌డా బే,
ఆగస్టు 8.

అక్కా,

చెప్పకు! నీకు దణ్ణం పెడతాను. ముందు పని కానీ, తర్వాత చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెబితే కుండలో పోసిన పాలు నువ్వే విరగ్గొట్టినట్టు అవుతుంది. వాంగ్మూలం ఈ నెల ఇరవయ్యారున. ఆవిడ దగ్గరకు ఆఫీసరు వార్డుకే వస్తాడట. నాది ఇక్కడే తీసుకుంటారు. ఎంక్వైరీ అయ్యేదాకా ఈ దీవి వదిలి కదలకూడదని కాగితం ఇచ్చారు.

ఇక్కడ నా బతుకు చెబుతాను విను. దీపిక నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. కట్టుకున్న భార్య ఆ వీడియో చూసి, "మా అమ్మ అయితే?" అని ఒక్కమాట అడిగి లోపలికి పోయింది. అదీ సరే. కళ్యాణి మొగుడు నూకన్న ఉన్నాడు, పడవ మీద చేపలు పట్టేవాడు. ఆ రోజు సముద్రం మీద ఉన్నాడట. పెద్దపిల్ల బడి ఇక్కడే కాబట్టి ఇక్కడే ఉండిపోయాడు. షిప్పు వచ్చిన ప్రతిరోజూ కౌంటర్‌కి ఎదురుగా, ఆ సిమెంటు స్తంభం దగ్గర నిలబడుతున్నాడు. లైనులోకి రాడు, మాట్లాడడు. జనం పోయేదాకా నన్నే చూస్తాడు, తర్వాత వెళ్ళిపోతాడు. నడుముకి చేపలు కోసే కత్తి ఉంటుంది.

నాలుగు తిట్టినా బాగుండును. తిట్టేవాడితో ఎలా వేగాలో నాకు తెలుసు. ఇలా నోరు మెదపకుండా నిలబడేవాణ్ణి ఏం చేయాలో తెలియడం లేదు. మొన్న ఒకాయనకి చిల్లర రెండుసార్లు ఇచ్చేశాను. నాకే నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు కూడా రాలేదు.

తొందరగా ఆవిడ చేత మాట తీసుకో.

గోపి


ప్రోతరాపూర్,
ఆగస్టు 16.

గోపీ,

నువ్వు చెప్పిన పని అయింది. అయి చెడింది. వరసగా రాస్తాను.

పదో తారీకున గవరమ్మ జుట్టు చిక్కు తీస్తూ, మాటల్లో మాటగా అన్నాను, "ఆ కౌంటర్ ఆయనకీ ఒక ఇల్లూ సంసారం ఉంటాయి కదమ్మా, ఉద్యోగం పోతే వాళ్ళేమైపోతారో" అని. ఎంత మెత్తగా అన్నానో చెప్పలేను. ఆవిడ కాసేపు ఆలోచించి, "నిజమే అక్కా. డాట్రు సీటీ ఊసు నాను ఎత్తనేదు. ఆఫీసరొస్తే అదే సెప్తాను, పోనీ, ఆ బాబు కడుపు కొట్టడం నాకెందుకు" అంది. నేను ఆ రోజు ఇంటికి వచ్చి హాయిగా అన్నం తిన్నాను.

నిన్న జావ తాగిస్తుంటే రామ్‌ప్రసాద్ నన్ను వెతుక్కుంటూ వార్డులోకి వచ్చాడు. ఇంటికి వెళితే తాళం వేసి ఉందట. పాపం, మంచికే వచ్చాడు. వార్డంతా వినపడేలా, "శాంతా దీదీ! ఆప్ కే భాయీ నే చిట్ఠీ భేజీ హై. గోపీ బాబూ, కేవ్‌డా బే టికెట్ కౌంటర్ వాలే!" అని నీ ఉత్తరం నా ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయాడు.

గవరమ్మకి హిందీ బాగానే వచ్చు, గోపీ. ఆ ముఖం నేను చూడలేకపోయాను. నా చేతిలో గిన్నె తీసుకుని, మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టింది. అరిచి ఉంటే ఎంత బాగుండేదో. "ఆడు నీ తమ్ముడేటి?" అంది. అవునన్నాను. "ఆడు అరిసినాడు. ఉన్నది మొకం మీద అనీసినాడు, అక్కడితో అయిపోనాది. నువ్వు నా కూతురు తల నిమిరి, దాని నోట్లో జావ పోసి, ఇన్నాళ్ళూ నా కడుపులో మాట లాగినావు. ఆడి మాటకి సిగ్గేసినాది. నీ మాటకి బయమేస్తంది. ఇంక మంచిగా మాటాడినోలల్లో ఎవుల్ని నమ్మాల నాను?"

ఇంతకాలం నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని పిల్లలకి చెప్పుకుంటూ బతికాను. నా మంచి మాట గాలానికి గుచ్చిన ఎర అయింది. మంచిగా మాట్లాడితే అది ఎదుటి మనిషి కోసం మాట్లాడాలి. నేను నీ కోసం మాట్లాడాను. నీ అరుపు ఆవిణ్ణి నలుగురిలో నిలబెట్టింది, నా తీపి మాట వార్డులో ఆవిడ పక్కనే చేరి కోసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇక నీ తరఫున ఒక్క మాట నేను మాట్లాడను. ఆవిడ ఆఫీసరుతో ఏం చెబుతుందో నాకు తెలియదు. చీటీ చూపించినా అతను విసిరికొట్టాడని చెప్పినా చెప్పవచ్చు, చెబితే కాదనేవాళ్ళెవరూ లేరు. నీ నోరు నువ్వే చూసుకో.

శాంత


కేవ్‌డా బే,
ఆగస్టు 21.

అక్కా,

ఆ రామ్‌ప్రసాద్‌ని వార్డులోకి ఎవరు రమ్మన్నారు? ఇంటి దగ్గర కూర్చోలేడా? నువ్వైనా "ఎవరో పొరబడ్డాడు" అని ఒక మాట అని సర్దలేకపోయావా? అందరికీ సర్దావు, అసలు సమయానికి చేతులెత్తేశావు. మునిగేవాడి తల మీద రాయి పెట్టావు. ఆవిడ ఇప్పుడు కోపంతో ఏదంటే అది అంటుంది. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం అక్కా!

నిన్న ఇంతవరకు రాసి పెన్ను విసిరేశాను. మిగతాది ఇవాళ రాస్తున్నాను. పైన రాసింది చింపేద్దామనుకుని ఉంచాను, నేనెలాంటివాణ్ణో నీకు తెలిసిందే కదా.

ఇవాళ షిప్పు వచ్చింది. నూకన్న మళ్ళీ ఆ స్తంభం దగ్గరే నిలబడ్డాడు. నీ ఉత్తరం జేబులో ఉంది, ఒళ్ళంతా మంటగా ఉంది. జనం పోయాక కౌంటర్ తలుపు తీసుకుని బయటికి వెళ్ళి, "ఏం చేద్దామని రోజూ నిలబడుతున్నావు? చెయ్యి! ఇదిగో, ఇక్కడే ఉన్నాను!" అని అరిచాను.

అతను వెనక్కి అడుగు వేసి రెండు చేతులూ జోడించాడు. "సాబ్, కోప్పడకండి. ఒక టికెట్ కావాల. ఆడదాన్నీ గుంటనీ సూసి రావాల. బిడ్డ పుట్టిన కాడ్నించి సూడ్లేదు. లైన్లోకొస్తే నన్ను పోల్చి మీరేటైనా అంటారేమోనని... జనం ఎల్లినాక అడుగుదామని నిలబడతన్నాను. జనం ఎల్లేసరికి మీరు కిటికీ ఏసేస్తన్నారు."

అక్కా, అతను నన్ను బెదిరించడానికి నిలబడుతున్నాడని నేను అనుకున్నాను. అతను నాకు భయపడి నిలబడుతున్నాడు. కన్నబిడ్డని చూడటానికి పోయే షిప్పులన్నీ ఇన్ని వారాలుగా వదిలేసుకున్నాడు, నా నోరు చూసి. ఆవిడా అంతే అయి ఉంటుంది కదా. లైను చివర నిలబడ్డంతసేపూ కూతురి సంగతి నోటి చివరే ఉండి ఉంటుంది.

లోపలికి వెళ్ళి టికెట్ రాశాను. చేతికిచ్చి, "కళ్యాణికి చూపు ఎలా ఉంది?" అని అడిగాను. మెల్లగా అడిగాననుకున్నాను, నాకు మెల్లగా మాట్లాడటం చేతకాదు కదా, అతను ఉలిక్కిపడ్డాడు. "ఇయ్యాల రంగులు తెలుస్తన్నాయంట సాబ్" అన్నాడు.

ఇరవయ్యారున నేను చెప్పబోయేది నిర్ణయించుకున్నాను. దీపికకి చెప్పాను. ఉద్యోగం పోతే ఏం చేద్దామని అడిగాను. "ముందు టీ తాగండి" అంది. చాలాకాలానికి నాతో అన్న మాట.

ఆవిడకి నా తరఫున ఏమీ చెప్పకు. ఈసారి నేనూ అడగను.

గోపి


ప్రోతరాపూర్,
సెప్టెంబర్ 3.

గోపీ,

ఇరవయ్యారున నేను వార్డు బయట వరండాలో కూర్చున్నాను. లోపలికి వెళ్ళే ముఖం లేదు. తలుపు తీసే ఉంది, అన్నీ వినపడ్డాయి.

ఆఫీసరు హిందీలో అడిగాడు, కూతురికి బాగోలేదని కౌంటర్‌లో చెప్పావా అని. నీ మీద, నా మీద కలిపి తీర్చుకోవడానికి ఒక్క 'అవును' చాలు ఆవిడకి.

"సెప్పలేదు బాబూ" అంది.

మరి ఎందుకు చెప్పలేదని అడిగాడు. ఇక ఆవిడ హిందీ వదిలేసి తెలుగులోనే చెప్పింది, పక్కనున్న నర్సు అతనికి హిందీలో చెప్పింది. "మనోడే గదా అని దైర్నంగా ఎల్లినాను. నలుగుర్లో అంత మాటనీసినాక నోరు పెగల్లేదు. మల్లీ నోరిప్పితే నా కూతుర్ని ఏటంటాడోనని బయమేసినాది. నన్నంటే అన్నాడు, కడుపుతో ఉన్నదాన్ని అనకూడదు గదా."

ఆఫీసరు అది రాసుకున్నాడు. తర్వాత నీ వాంగ్మూలం ఫోనులో చూసుకున్నాడు. "వహాఁ భీ యహీ లిఖా హై" అన్నాడు నర్సుతో. అక్కడా ఇదే రాసి ఉందట, నీ మాటకి భయపడే ఆవిడ చెప్పలేకపోయిందని. గోపీ, నిన్ను ఎత్తుకుని పెంచినదాన్ని, నీ గురించి ఎప్పుడూ ఇంత గర్వపడలేదు, ఇంత ఏడవనూ లేదు.

అతను వెళ్ళాక లోపలికి వెళ్ళాను. "క్షమించమని అడగడానికి వచ్చాను, ఇంకేం లేదు" అన్నాను. ఆవిడ తల తిప్పుకుంది. "నీ తమ్ముడు నలుగుర్లో అన్నాడు. నలుగుర్లో అన్న మాట నలుగుర్లోనే తియ్యాల. నీది నలుగుర్లో మాట కాదు, దాన్నెలగ తియ్యాలో నాకే తెలీదు" అంది. రోజూ వెళ్ళి వరండాలో కాసేపు కూర్చుని వస్తున్నాను. నాతో మాట్లాడదు. పొమ్మనీ అనదు.

కళ్యాణికి చూపు చాలావరకు వచ్చింది. నూకన్న వచ్చిన రోజున మొగుడి చొక్కాకి బొత్తాం లేదని తిట్టింది. బిడ్డ అద్దాల పెట్టెలోంచి బయటికి వచ్చింది. ఈ నెలాఖరుకి పంపించేస్తారట.

శాంతక్క


కేవ్‌డా బే,
అక్టోబర్ 2.

అక్కా,

పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఉద్యోగం పోలేదు, కౌంటర్ పోయింది. ఇక మీదట సామాన్ల షెడ్డులో పని. రెండేళ్ళు జీతం పెరగదు. కౌంటర్ పోయిందని బాధగా ఉంది, లేదని అబద్ధం ఎందుకు రాయాలి. అక్కడ కూర్చుంటే మనిషినన్నట్టు ఉండేది.

నిన్న వాళ్ళు షిప్పు దిగారు. అదే షిప్పు మధ్యాహ్నం తిరిగి వెళుతుంది కాబట్టి టికెట్ లైను జెట్టీ గేటు దాకా ఉంది. ఆ రోజు నవ్వినవాళ్ళు కొందరు ఉన్నారు, నా మీద కాగితం పెట్టినాయన కూడా ఉన్నాడు. గవరమ్మ బిడ్డని పైటలో చుట్టుకుని ముందు నడుస్తోంది. వెనక కళ్యాణి, నూకన్న.

షెడ్డులోంచి వచ్చి వాళ్ళకి అడ్డంగా నిలబడ్డాను. రాత్రంతా నువ్వు మాట్లాడినట్టు మెత్తగా చెప్పాలని మనసులో పాఠం పెట్టుకున్నాను, అక్కడికి వెళ్ళాక ఒక్క ముక్క గుర్తులేదు. నాకున్న గొంతుతోనే చెప్పాను. ముందు హిందీలో, లైనుకంతా వినపడేలా. ఈ అమ్మ ఆ రోజు ఏ తప్పూ చేయలేదని, నేను నిజాయితీపరుణ్ణని మీ అందరికీ చూపించుకోవడానికి ఈమెని అవమానించానని, ఆ మాటకే భయపడి ఈమె కూతురి ప్రాణం సంగతి చెప్పలేకపోయిందని. తర్వాత ఆవిడ వైపు తిరిగి తెలుగులో, "అమ్మా, తప్పయిపోయింది. క్షమించు" అన్నాను. చేతులు జోడించాను. ఎవడో మళ్ళీ వీడియో తీశాడు, తీసుకోనీ.

కాగితం పెట్టినాయన తల దించుకున్నాడు. గవరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. ఏమంటుందోనని భయమేసింది, అక్కా. కిటికీకి అవతల నిలబడటం ఎలా ఉంటుందో తెలిసింది.

నీ గురించి ఆవిడ అడగలేదు, నేనూ ఎత్తలేదు. అది మీ ఇద్దరి మధ్యది. తొందరపడకు.

గవరమ్మ నన్ను తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. కొంగు సర్దుకుని, నా ముఖంలోకి సూటిగా చూసి, లైనంతటికీ వినపడేలా గట్టిగా అంది:

"సరే బాబూ, ఇన్నాను. ఇంక బేగి దారియ్యి. నా కూతురు నిలబడ్లేదు, గుంటకి ఎండ తగుల్తంది."

దారిచ్చాను.

గోపి